యారెలీ పేరు మీద కంపెనీ

పోయిన వారం యారెలీని పన్నుల ఆఫీసు కౌంటరు ముందు, అద్దానికి ఇవతల, నోట మాట రాని స్థితిలో వదిలిపెట్టాం. తొర్రెయోన్ ఊరి చివర కార్లకు కరెంటు తీగల కట్టలు చుట్టే ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల. ఇరవై రెండేళ్ళు. లైన్ మీద సూపర్‌వైజర్‌గా ఆమె పేరు ఖాయమైంది. పన్నుల ఆఫీసు నుంచి తన మీద ఏ పేచీ లేదని ఒక సర్టిఫికెట్ తెస్తే చాలన్నారు. శుక్రవారం లోపు తేకపోతే కొత్త పదవి సంగతి అటుంచి, ఉన్న ఉద్యోగం కూడా ఉండదన్నారు.

దాని కోసం ఆమె తిరిగిన తిరుగుడు మీకు గుర్తుండే ఉంటుంది. అపాయింట్‌మెంట్ లేనిదే లోపలికి రానివ్వమన్నారు. అపాయింట్‌మెంట్ ఫోన్‌లోనే ఇస్తామన్నారు. ఫోన్ చేస్తే ఖాళీ లేదన్నారు. ఎలాగో ఖాళీ దొరికి వెళితే, టేపు చుట్టి చుట్టి అరిగిపోయిన ఆమె వేలిముద్రలు మెషీన్‌కు అందలేదు. చేతులకు నూనె రాసుకుని, నాలుగు రోజులు తడి తగలకుండా చూసుకుని మళ్ళీ వెళ్ళింది. ఈసారి ముద్రలు పడ్డాయి. స్క్రీన్ తెరుచుకుంది. కౌంటరులోని ఒబ్దులియా మేడమ్ కళ్ళజోడు సవరించుకుని, "నోటీసులు మీ ఇంటికి పంపమంటారా, మీ కంపెనీకి పంపమంటారా?" అని అడిగింది.

యారెలీ మొదట తనను కాదనుకుంది. పక్కకు చూసింది. పక్కన ఎవరూ లేరు.

"నాకు కంపెనీ లేదు మేడమ్."

"ఉంది. సిమెంటు, ఇనుము సరఫరా. మేనేజరు మీరే."

"నేను తీగలకి టేపు చుడతాను."

"అది మీ ఉద్యోగం. ఇది మీ కంపెనీ. రెండూ ఉండకూడదని రూలేం లేదు."

వెనక వరసలో పుచ్చకాయలమ్మే పెద్దమనిషి ఒకాయన తన టోపీతో విసురుకుంటూ వింటున్నాడు. "ఓనరమ్మా, సిమెంటు లారీ మీద నాకేమన్నా పని ఇప్పించకూడదూ" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. యారెలీ వెనక్కి తిరగలేదు.

"లారీలు కూడా ఉన్నాయా నాకు?" అని అడిగింది ఒబ్దులియాను.

"లేవు. అదే కదా గొడవ." ఒబ్దులియా గొంతు తగ్గించింది. "లారీల్లేవు, గోడౌన్ లేదు, ఒక్క పనివాడు లేడు. కానీ ఊళ్ళో సగం కాంట్రాక్టర్లకి మీరు సిమెంటు అమ్మినట్టు బిల్లులున్నాయి. అమ్మని సిమెంటుకి బిల్లులు. దయ్యం కంపెనీ అంటాం దీన్ని. అందుకే మీ పేరు ఆపేశారు. మీ సర్టిఫికెట్ రాదు."

"ఎవరు పెట్టారు దీన్ని?"

"మీరే. మీ ఎలక్ట్రానిక్ సంతకంతో."

ఆ సంతకం సంగతి యారెలీకి లీలగా గుర్తుంది. పద్దెనిమిది నిండగానే ఇదే హాల్లో కూర్చోబెట్టి కళ్ళకు, వేళ్ళకు ఫోటోలు తీశారు. ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో ఏదో ఎక్కించి ఇచ్చారు. ఫ్యాక్టరీలో చేరాక దాని అవసరం ఎప్పుడూ పడలేదు. అది ఎక్కడుందో ఇప్పుడు ఎంత ఆలోచించినా తట్టలేదు.

"సరే. దాన్నెవరు వాడారో ఫైల్లో ఉంటుంది కదా. చూపించండి."

"ఫైలు కంపెనీ మేనేజరుకి మాత్రమే చూపిస్తాం."

"మేనేజర్ని నేనేనని మీరే కదా ఇప్పుడన్నారు."

"సిస్టమ్ అంది, నేను కాదు. మీరు మేనేజరు అని మీరు ఒప్పుకుంటూ ఇక్కడ సంతకం పెట్టాలి." ఒబ్దులియా ఒక కాగితం అద్దం కింది సందులోంచి ఇవతలికి తోసింది. "పెడితే ఫైలు చూడొచ్చు."

యారెలీ పెన్ను తీసుకుంది. కాగితం మీద పెట్టబోయి ఆగింది. ఫ్యాక్టరీలో ఏ తీగ ఏ తీగకు తగిలితే కాలిపోతుందో చూడకుండా ఆమె చెయ్యి కదలదు. ఆ అలవాటే ఇప్పుడు ఆపింది.

"నేను మేనేజర్నని సంతకం పెడితే, ఆ బిల్లులన్నీ నావేనని ఒప్పుకున్నట్టేనా?"

ఒబ్దులియా కళ్ళజోడు పైనుంచి పెన్ను వైపు చూసింది.

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే ఎవరు చేశారో మీకు తెలీదు. తెలీకపోతే మీది కాదని నిరూపించలేరు. నిరూపించకపోతే మీదే." ఆమె చాలామందికి చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో చెప్పింది. "ఇంకో దారుంది. ప్రాసిక్యూటర్ దగ్గరికెళ్ళి ఫిర్యాదు ఇవ్వండి. ఇస్తే కేసు ఆ కంపెనీలో ఉన్నవాళ్ళందరి మీదా పడుతుంది. ఎవరు చేశారో ప్రాసిక్యూటరే తేలుస్తాడు."

"శుక్రవారం లోపలా?"

"అమ్మా, నా వెనక గడియారం చూడండి. మీ టైం అయిపోయింది. తర్వాతి నంబరు."

అప్పుడు యారెలీ అరిచింది. ఏమందో తర్వాత ఆమెకే సరిగ్గా గుర్తులేదు. వేళ్ళు అరిగిపోయేలా పనిచేసేది నేను, కంపెనీ ఎవడిదో, శిక్ష నాకా అన్నట్టు ఏదో. పుచ్చకాయల పెద్దమనిషి టోపీతో విసురుకోవడం మానేశాడు. గుమ్మం దగ్గర ఉండే ముసలి సెక్యూరిటీ చోన్ నెమ్మదిగా వచ్చి, ఆమె మోచెయ్యి ముట్టుకోకుండానే పక్కన నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఇక్కడ అరిస్తే నేను బయటికి తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళడం నాకిష్టం లేదు. నీ అంతట నువ్వే నడిస్తే ఇద్దరికీ మర్యాద."

ఆమె కాగితాన్ని ఖాళీగానే వెనక్కి తోసేసి నడిచింది.

బయట దుమ్ముగాలి మొదలైంది. ఎదురుగా ఉన్న బ్యాంకు బోర్డు కూడా కనపడటం లేదు. ఆఫీసు గోడ పక్కన కాస్త చాటు చూసుకుని యారెలీ అరుగు మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. నోట్లో మట్టి రుచి తగులుతోంది. సగం పూట సెలవు పెట్టి వచ్చింది. మధ్యాహ్నం షిఫ్ట్‌కు వెళ్ళాలి. వెళ్ళి ఏం చెప్పాలి, నాకు సిమెంటు కంపెనీ ఉందట అని చెప్పాలా?

పక్క తలుపు తెరుచుకుంది. ఒబ్దులియా బయటికొచ్చి, గాలికి అడ్డంగా వీపు పెట్టి సిగరెట్ వెలిగించుకుంది. యారెలీని చూసి లోపలికి పోబోయి, ఆగిపోయింది.

"మా అమ్మ వేళ్ళు కూడా మెషీన్‌కి పడేవి కావు" అంది, యారెలీ వైపు చూడకుండానే. "పత్తి మిల్లులో అరిగిపోయాయి. పింఛను కోసం పది చోట్ల తిప్పారు. అప్పటికి నేను ఇక్కడే పని చేస్తున్నా. నేనూ ఏం చెయ్యలేకపోయా."

యారెలీ తన వేళ్ళ చివరలు చూసుకుంది.

"ఫైల్లో ఉన్నది నేను చెప్పకూడదు. ఒకసారి ఎవరికో జాలిపడి చెప్పా, నెలరోజులు ఇంట్లో కూర్చోబెట్టారు." పొగ వదిలింది. "కానీ మావాళ్ళు భోజనాల దగ్గర చెప్పుకునేది ఏ ఫైల్లోనూ ఉండదు. మీ కంపెనీ అడ్రసు చూడ్డానికి ఇద్దరు వెళ్ళారు. మామూలుగా ఇలాంటి అడ్రసులకెళితే అక్కడ ఖాళీ స్థలం ఉంటుంది, లేదా పాడుబడ్డ షెడ్డు ఉంటుంది. ఇక్కడ మాత్రం ఒక పెద్దాయన పిలిచి కూర్చోబెట్టి, దాల్చినచెక్క వేసిన కాఫీ ఇచ్చాడట. మేనేజరమ్మ ఊళ్ళో లేదండీ, చిన్నపిల్ల, నేనే చూసుకుంటున్నా అన్నాడట. మావాళ్ళకి అంత మర్యాద ఎక్కడా జరగలేదు, అందుకే రోజూ చెప్పుకుంటున్నారు."

"ఎవరా పెద్దాయన?"

"పేరు నేను చెప్పను. మెట్ల దగ్గర పంజరంలో చిలకుందట. వీళ్ళు పైకి ఎక్కుతుంటే 'ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం' అని ఒకటే అరుపట." ఒబ్దులియా నవ్వబోయి యారెలీ మొహం చూసి ఆగింది. "తెలుసా మీకు?"

యారెలీకి తెలుసు. ఆ చిలకకు పొద్దుతిరుగుడు గింజలు పెట్టే వయసు నుంచి తెలుసు.

హెలియోదోరో ఆ వీధికంతటికీ అకౌంటెంట్. యారెలీ తలమీద చర్చిలో నీళ్ళు పోసిన రోజు ఆమెను చేతుల్లోకి తీసుకున్న జ్ఞానతండ్రి. ఆమె తండ్రి లారీ ప్రమాదంలో పోయాక, పదిహేనో పుట్టినరోజు పండుగలో తండ్రి చేయాల్సిన మొదటి డాన్సు ఆయనే చేశాడు. బూట్లు బిగుతై కుంటుతూ చేశాడు. బడి అయ్యాక, వీధిలో తిండి అమ్మే బండిని అమ్మ కట్టేసే దాకా ఆమె ఆయన ఆఫీసులోనే లెక్కలు చేసుకునేది. పద్దెనిమిదేళ్ళప్పుడు పన్నుల ఆఫీసుకు వెంటబెట్టుకుని వెళ్ళింది ఆయనే. ఆ పెన్‌డ్రైవ్ చేతికి రాగానే, "పారేసుకుంటావు, నా దగ్గరుంటే భద్రం" అని జేబులో వేసుకుందీ ఆయనే. ఆయన ఆఫీసుకు వెళ్ళడానికి ఎక్కిన బస్సు, నీళ్ళు లేని నాసాస్ నది మీద వంతెన దాటుతున్నప్పుడు ఆ మాట ఆమెకు గొంతుతో సహా గుర్తొచ్చింది.

వేరే ఎవరైనా ఆయన దగ్గరున్న సంతకాన్ని దొంగిలించి ఉండొచ్చు అనుకుంది. ఆయన్ని ఎవరో మోసం చేసి ఉండొచ్చు. బస్సు దిగేదాకా ఆయన తరఫున తనే వాదించింది.

మెట్లు ఎక్కుతుంటే చిలక అరిచింది. ఆమె ఆగలేదు.

పైన ఆయన ఒక విధవరాలికి పింఛను కాగితాలు పూర్తి చేస్తున్నాడు. ఆమె పర్సు తెరవబోతే చేత్తో వారించాడు. "పోనీ, వచ్చే వారం ఒక గిన్నెడు చిక్కుడు వండి పంపు." ఆమె దీవించుకుంటూ దిగిపోయింది. ఆయన తలెత్తి యారెలీని చూసి కళ్ళతోనే నవ్వాడు.

"రా తల్లీ. ఈ వేళప్పుడు ఎలా వచ్చావ్, షిఫ్ట్ లేదా?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె ఆయన్ని బాబాయ్ అనే పిలిచింది.

"మీతో పనుండి వచ్చాను, అకౌంటెంట్ గారూ."

ఆయన చేతిలో పెన్ను అలాగే నిలిచిపోయింది. కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత లేచి, తలుపు వేసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎవరు చెప్పారు?"

ఏమిటని అడగలేదు. ఎవరు చెప్పారని అడిగాడు. దారి పొడుగునా ఆయన కోసం ఆమె కట్టుకుంటూ వచ్చిన వాదనలన్నీ ఆ రెండు మాటలతో అయిపోయాయి.

"చిలక చెప్పింది" అంది యారెలీ.

ఆయన కుర్చీలో కూలబడినట్టు కూర్చున్నాడు. ఉన్నట్టుండి ముసలివాడిలా కనిపించాడు. "ఒక్క ఏడాది అన్నారు తల్లీ. ఏడాది కాగానే మూసేస్తాం, ఎవరికీ మచ్చ రాదన్నారు. మూసెయ్యమని నేను రెండుసార్లు వెళ్ళి అడిగాను. రెండోసారి వాళ్ళు నాకు మా మనవడి ఫోటో చూపించారు. వాడి బడి గేటు ముందు చాటుగా తీసింది."

"ఎవరు వాళ్ళు?"

"వాళ్ళ పేర్లు నీకు తెలియకపోవడమే మంచిది."

"నా పేరు మాత్రం అందరికీ తెలిసింది."

ఆయన బల్ల మీది కాగితాలు సర్దబోయాడు.

"ఈ వీధిలో అందరి సంతకాలూ మీ దగ్గరే ఉన్నాయి. రొట్టెల కొట్టాయనది ఉంది. మంగలాయనది ఉంది. అందరినీ వదిలేసి నాదే ఎందుకు తీశారు?"

"శుభ్రమైన పేరు కావాలన్నారు." ఆయన బల్ల మీది పెన్నును అటూ ఇటూ దొర్లించాడు. "ఏ అప్పూ, ఏ తగాదా లేని పేరు. ఆఫీసుల చుట్టూ తిరగని పేరు. ఇంతమందిలో అలాంటిది..."

"అంటే నేను ఒద్దికగా ఉన్నందుకు."

"నువ్వెప్పటికీ ఫ్యాక్టరీలోనే ఉంటావనుకున్నా. సర్టిఫికెట్ అవసరం నీకు ఎందుకొస్తుందిలే అనుకున్నా."

ఆ మాటే ఆమెకు అన్నిటికంటే లోతుగా దిగింది. సంతకం తీసుకున్నందుకు కూడా అంత మండలేదు. ఆమె ఏనాటికీ పైకి రాదని, సూపర్‌వైజర్ కూడా కాదని, ఎవరూ ఆమెను ఏ సర్టిఫికెట్టూ అడగరని, లెక్కలు నేర్పిన మనిషే లెక్క వేసుకున్నాడు.

"రేపు పొద్దున నాతో ప్రాసిక్యూటర్ దగ్గరికి రండి. ఇప్పుడు నాతో అన్నదే అక్కడ అనండి. చాలు."

"వస్తే నేను ఇంటికి తిరిగిరాను యారెలీ. జైలుకి కాదు నేను భయపడేది. జైలు దాకా నన్ను పోనివ్వరు."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. దుమ్ము కాస్త తగ్గింది. కింద వీధిలో ఎవరో చీపురుతో గుమ్మం ఊడ్చుకుంటున్నారు. ఈయన బూట్లు బిగుతై కుంటుతూ చేసిన డాన్సు వద్దన్నా మనసులో మెదిలింది. ఆమె దాన్ని అవతలికి నెట్టింది.

"మీకేం కాకూడదనే నాకూ ఉంది. నిజంగా. కానీ శుక్రవారం నా ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత పన్నులవాళ్ళు నా ఇంటికొస్తారు. మీరు నా పేరు తీసుకున్నప్పుడు నాకేమవుతుందో చూసుకోలేదు. నేనూ ఇప్పుడు చూసుకోను." ఆమె కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగింది. "మీరు రాకపోతే నేనే వెళతాను. ఇవాళే వెళతాను. మీ పేరు చెబుతాను."

ఆమె తలుపు దగ్గరికి నడిచింది. ఆయన ఆపలేదు. ఆమె గడియ తీశాక అన్నాడు.

"ఫిర్యాదు ఇస్తే కంపెనీలో ఉన్నవాళ్ళందరి మీదా కేసు పడుతుందని చెప్పారా?"

"చెప్పారు. పడనీయండి. అందులో ఉన్నది నేనూ, మీరేగా."

"నేను అందులో లేను."

యారెలీ గడియ మీద చెయ్యి అలాగే ఉంచింది.

"నా పేరు ఎక్కడా లేదు తల్లీ. అకౌంటెంట్ పేరు పెడితే వెంటనే పట్టుకుంటారని వాళ్ళు పెట్టనివ్వలేదు. కానీ ఇలాంటి కంపెనీ ఒక్కరితో పుట్టదు. ఇద్దరుండాలి." ఆయన బల్ల వైపే చూస్తూ మాట్లాడుతున్నాడు. "నీ సంతకం నేను దొంగతనంగా వాడాను. ఆ పాపం నాదే, చచ్చేదాకా నాదే. రెండో సంతకం నేను దొంగిలించలేదు. ఆమె తనంతట తనే ఈ మెట్లెక్కి వచ్చింది. అంతా చదివించుకుని విన్నది. ఏం జరగొచ్చో అడిగి తెలుసుకుంది. అప్పుడు పెట్టింది."

"ఎవరామె?"

"నీ పేరు కూడా అందులో ఉందని ఆమెకప్పుడు తెలీదు. అది నేను చెప్పలేదు."

"ఎవరు?"

ఆయన తలెత్తాడు. "మీ అమ్మ."

"అబద్ధం."

"అబద్ధమైతే బాగుండు."

ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. చిలక ఏదో అంటూనే ఉంది.

తల్లి ఫెలీసితాస్ బండి రెండు వీధుల అవతల, మందుల షాపు ఎదురుగా ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళ అక్కడ వరస ఎప్పుడూ తరగదు. పెనం మీద గోర్దీతాలనే మందపాటి రొట్టెలు పొంగుతుంటే, ఒక్కోదాన్నీ చాకుతో చీల్చి లోపల మిరపకారం కలిపిన మాంసం కూరుతుంది. యారెలీ మూల తిరిగేసరికి తల్లి అదే పనిలో ఉంది. నెరిసిన జుట్టుకు పిండి అంటుకుని ఉంది. బండి మీద ఈ ఏడాది కొత్తగా వేసిన రేకు కప్పు ఎండకు మెరుస్తోంది.

షిఫ్ట్‌లో ఉండాల్సిన కూతురు వీధిలో నడిచొస్తుంటే ఫెలీసితాస్ చూసింది. ఆమె వచ్చిన వైపు చూసింది. ఆ వైపున ఎవరి ఆఫీసు ఉందో వీధిలో అందరికీ తెలుసు.

చేతిలో ఉన్న రొట్టెను పూర్తిగా కూరి, వరసలో ముందున్న అతనికి అందించింది. తర్వాత వంగి గ్యాస్ కట్టేసింది.

"ఏంటమ్మా, నాకు ఇంకో మూడు కావాలి" అన్నాడతను.

"ఇవాళ్టికి అయిపోయాయి" అంది ఫెలీసితాస్. పిండి గిన్నె నిండుగా అతని కళ్ళ ముందే ఉంది.

యారెలీ బండికి ఇవతల నిలబడింది. అడగాలనుకున్నదంతా నాలుక చివరిదాకా వచ్చింది. తల్లి చేతులు చూసి ఆగింది. తల్లే అడిగింది.

"ఫిర్యాదు ఇచ్చి వచ్చావా, ఇవ్వడానికి వెళ్తున్నావా?"

"వెళ్తున్నాను" అంది యారెలీ. "నీకెలా తెలుసు నేను ఫిర్యాదు..."

"ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఇస్తారని తెలుసు. అది నువ్వవుతావని అనుకోలేదు." ఫెలీసితాస్ నడుం వెనక ముడి విప్పి ఏప్రన్ తీసింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి పెనం పక్కన ఉంచింది. "నువ్వెందుకు ఇవ్వాల్సొచ్చింది? నీకేంటి సంబంధం?"

"అందులో నా పేరు కూడా ఉందమ్మా."

ఫెలీసితాస్ బండి అంచు పట్టుకుంది. పెనం ఇంకా కాలుతూనే ఉంది, ఆమె వేళ్ళు దాన్ని ఆనుకునే ఉన్నాయి. తీయలేదు. యారెలీయే ఆ చేతిని పట్టుకుని ఇవతలికి లాగింది.

తల్లి పిండి గిన్నె మీద మూత పెట్టింది.

"పద. నేనూ వస్తాను ప్రాసిక్యూటర్ దగ్గరికి. కానీ నేను ఆ సంతకం ఎవరిని బతికించడానికి పెట్టానో దారిలో నీకు చెప్పాలి. అది విన్నాక కూడా తీసుకెళ్తానంటే, తీసుకెళ్ళు."